కథకుని ఋణము

సాహిత్యసభలలో ఒక తంతు స్థిరపడిపోయినది. కథకుని వేదిక మీదికి పిలిచి శాలువ కప్పుదురు. ప్రసంగము ముగిసిన పిమ్మట సభికులలో నుండి ఒకరు లేచి, ‘అయ్యా, మీ రచనలకు ప్రేరణ యేమి?’ అని ప్రశ్నింతురు. కథకుడు క్షణకాలము కన్నులు మూసి, బాల్యమున అమ్మమ్మ చెప్పిన కథలతో ఆరంభించి, ఒకానొక వెన్నెలరాత్రి తన హృదయమున మెరసిన మెరుపుతో ముగించును. చప్పట్లు మ్రోగును. మరునాటి పత్రికలో ఆ మెరుపును గూర్చి నాలుగు పంక్తులు పడును. ఇంతకును ఆ కథ యెట్లు పుట్టినదో సభలో ఎవరికిని తెలియదు. ఒక్కొక్కప్పుడు కథకునికిని తెలియదేమో యను సందేహము కలుగును.

మెరుపు మీది ఈ మోజు తెలుగువారికి కొత్తది కాదు. విశ్వనాథ సత్యనారాయణగారు ‘వేయిపడగలు’ నవలను 29 దినములలో ఆశువుగా చెప్పుచుండగా సోదరుడు వ్రాసికొన్నారను వృత్తాంతమును ఎరుగని సాహితీప్రియుడు అరుదు. అది నిజమే, ఆ ప్రతిభ సామాన్యమైనదియు కాదు. కాని ఆ 29 దినములను కీర్తించు సంబరములో, వాటి వెనుక నున్న నాలుగు పదుల యేండ్ల జీవితమును లోకము మరచినది. తరువాతి కథకులలో పలువురు తమకును అట్టి మెరుపు ఒకటి ఉండి తీరవలెనని భావించి, లేనిచోట కల్పించుకొనుచున్నారు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘అనుభవాలూ - జ్ఞాపకాలూనూ’ చూపిన దారి వేరు. తాను పెరిగిన ఇండ్లను, తిరిగిన ఊళ్లను, చదివిన చదువులను ఆయన ఓపికగా చెప్పుకొనిపోయినారు. ఆ దారిని నడిచినవారు తక్కువ.

ప్రేరణను గూర్చిన ప్రశ్నను బెల్లంపల్లిలో అడిగినచో ఏమగునో చూడవలెను.

నైజాము రాజ్యమున, ఇల్లెందు ప్రాంతమున, 1871లో డాక్టరు విలియం కింగ్ బొగ్గును కనుగొన్నాడు. అక్కడ మొదలైన సింగరేణి గనులు గోదావరి దాటి ఉత్తరమునకు వచ్చి, 1920ల చివర బెల్లంపల్లిలో పాదము మోపినవి. గోదావరిఖని యను పేరు లోకమునకు తెలియుటకు అది మూడు దశాబ్దములు ముందు. కాజీపేట నుండి బల్లార్షా పోవు రైలుమార్గము మీద ఆ ఊరు బొగ్గుతోనే పెరిగినది. కరీంనగరు, వరంగల్లు, ఆదిలాబాదు పల్లెల నుండి వచ్చినవారు, మరాఠీ మాటలాడువారు, ఉర్దూ మాటలాడువారు, సింగరేణికి గోరఖ్‌పూరు నుండి కూలికి వచ్చినవారు, అందరి మాటలును కలిసి అక్కడ ఒక భాష యేర్పడినది. ఆ భాషలో గనిని గని యనరు, ‘బాయి’ యందురు. బాయిపని, బాయిబట్టలు, బాయి మీదికి పోవుట. ఈ ఒక్క మాటలో ఒక వలస చరిత్ర కనబడుచున్నది. పల్లెలో సేద్యపు బావి యెండినవాడో, దొర గడీలో వెట్టి భరింపజాలనివాడో ఇక్కడికి వచ్చి, భూమి లోనికి దిగవలసిన చోటునకు తనకు తెలిసిన పేరే పెట్టుకొన్నాడు. పనిముట్లకు ‘తట్టా చెమ్మస్’ అను జంటపేరు. పనికి పోని దినము ‘నాగా’. ఇవి నిఘంటువులు చూచి వ్రాయదగిన మాటలు కావు.

కావుననే బొగ్గుగనుల కథకునికి ప్రేరణ యనునది వెన్నెలలో దొరకు వస్తువు కాదు. అది మరియొకని నోటి నుండి తీసికొన్న అప్పు. గని లోపల బండ కూలినపుడు ఏ చప్పుడు ముందు వినబడునో, ల్యాంపురూములో దీపము తిరిగి రానపుడు లెక్క చూచువాని ముఖము ఎట్లుండునో, వేళ కాని వేళ సైరను మ్రోగినపుడు క్వార్టర్లలోని ఆడువారు పొయ్యి మీది అన్నమును అట్లే విడిచి ఏ దారిని పరుగెత్తుదురో, ఇవన్నియు ఎవరో ఒకరు చెప్పవలెను. కథకుడు తానే గనిలో దిగినవాడైనను, తన షిఫ్టు, తన లెవలు మాత్రమే ఎరుగును. తక్కినది ఋణమే.

ఈ ప్రాంతపు కథకులలో స్వయముగా గనులతో జీవనము ముడిపడినవారు ఉన్నారు. తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు గోదావరిఖని నుండి వచ్చిన కథకులు. ‘చావువిందు’, ‘పనిపిల్ల’ వంటి కథలతో ప్రసిద్ధులు. నేడు ఆయన పేరు చెప్పగానే హైదరాబాదులోని పలువురికి కథ కంటె ముందుగా మిద్దెతోట జ్ఞప్తికి వచ్చును. భూమి అడుగున పనిచేయువారి బ్రతుకును వ్రాసిన చేయి ఇంటి కప్పు మీద కూరగాయలు పండించుట విచిత్రముగా తోచవచ్చును గాని, ఆలోచింపగా అందులో వింత లేదు. పి. చంద్‌గారు సింగరేణిలో ఉద్యోగము చేయుచునే కార్మికుల జీవితము మీద కథలు, నవలలు విరివిగా వ్రాసినారు. షిఫ్టుల లెక్కతో బ్రతుకు మనిషికి రచనాకాలము ఎక్కడిది? రాత్రి షిఫ్టు చేసినవాడు పగలు నిద్రింపవలెను. రెండు గదుల క్వార్టరులో పిల్లల చదువు, బంధువుల రాకపోకలు అన్నియు ఆ పగటివే. కథ కొరకు ఒక నాగా పెట్టినచో ఒక మస్టరు పోవును. ఆ నెల జీతములో ఆ కథ ఖరీదు స్పష్టముగా కనబడును. చెప్పుచుండగా వ్రాసిపెట్టు సోదరుడు ఇక్కడ లేడు. ఇట్టి రచనాజీవితమును గూర్చి సభలలో ఎవరును అడుగరు. మెరుపును గూర్చియే అడుగుదురు.

అల్లం రాజయ్యగారిది వేరొక మార్గము. గోదావరికి ఆవలియొడ్డున మంథని ప్రాంతపు పల్లె నుండి వచ్చినవారాయన. 1979 నాటి ‘కొలిమంటుకున్నది’ రైతుకూలీల నవల. వరంగల్లు నుండి వెలువడిన ‘సృజన’ ఆయన కథలకు వేదిక. కాని ఋణమును గూర్చి మాటలాడునపుడు అన్నిటికంటె ముందు చెప్పదగినది సాహుతో కలిసి ఆయన వ్రాసిన ‘కొమురం భీం’. బెల్లంపల్లికి ఉత్తరమున, అంత దూరము కాని ఆసిఫాబాదు అడవులలో, 1940లో జోడెన్‌ఘాటున భీం మరణించినాడు. ఆ నవల 1980లలో గాని రాలేదు. నడుమ నాలుగు దశాబ్దములు ఆ కథ ఎక్కడ నున్నది? గోండుగూడెములలో, ముసలివారి జ్ఞాపకములలో నున్నది. ఇద్దరు కథకులు అక్కడికి పోయి, విని, తెలుగున వ్రాసినారు. నవల మీద రెండు పేర్లున్నవి. న్యాయమునకు ఇంకను ఎన్నో పేర్లు ఉండవలసినదని ఆ రచనను శ్రద్ధగా చదివినవారికి తోచును. ఇది ఆ రచయితలను తక్కువ చేయుట కాదు. రెండు పేర్లు ఉండుటయే తెలుగు నవలకు ఒక మేలైన వాడుక. సృష్టి యనునది ఏకాంతమున ఒక్కని తలలో జరుగునను భ్రమను అది కొంత పోగొట్టినది.

విదేశముల బొగ్గుగనుల సాహిత్యము చూచినను సంగతి ఇదియే. ఎమీల్ జోలా 1884 ఫిబ్రవరిలో, సమ్మె జరుగుచున్న కాలమున, ఉత్తర ఫ్రాన్సులోని ఆంజాఁ గనులకు పోయి, లోపలికి దిగి, కార్మికుల ఇండ్లు తిరిగి, పుస్తకము నిండ వివరములు వ్రాసికొన్నాడు. మరుసటి యేట ‘జెర్మినాల్’ గ్రంథముగా వెలువడినది. అక్కడ ఆయన ఉన్నది కొలది దినములే. కాని ఎవరి వద్ద ఏమి విన్నదీ కాగితము మీద పెట్టినాడు. 1902లో ఆయన అంత్యక్రియలకు గనికార్మికులు వచ్చి ఆ నవల పేరునే నినాదముగా పలుకుచు నడిచినారు. అప్పు ఇచ్చినవారు వచ్చి రసీదు ఇచ్చినట్లైనది.

డి. హెచ్. లారెన్సు సంగతి ఇంత సుఖాంతము కాదు. ఆయన గనికార్మికుని కుమారుడే. 1913 నాటి ‘సన్స్ అండ్ లవర్స్’లో తల్లి పక్షము వహించి, త్రాగివచ్చు గనికార్మికుడైన తండ్రిని కఠినముగా చిత్రించినాడు. తరువాతి కాలమున, తండ్రికి అన్యాయము చేసితినని ఆయన బాధపడినట్లు ఆయనను ఎరిగినవారు వ్రాసినారు. ప్రేరణను గూర్చి ఒక కథకుడు చెప్పదగిన విలువైన మాట ఇట్టిదే. ఎవరి వలన వ్రాసెనో వారికి ఏమి చేసెనో, అందులో ఎక్కడ తప్పెనో చెప్పుట.

బొగ్గుగనుల కథకులను ఇంత గౌరవించి చెప్పిన తరువాత ఒక నిష్ఠురము కూడ చెప్పక తప్పదు. వారిలో అనేకులు ప్రేరణను గూర్చి అడుగగానే, ‘ప్రజలే నా ప్రేరణ, పోరాటమే నా గురువు’ అని బదులిచ్చుట పరిపాటి. వెన్నెలరాత్రి మెరుపు ఎంత డొల్ల జవాబో, ఇదియు అంతే డొల్ల. ప్రజలనగా ఎవరు? ఏ బాయి మీది ఏ షిఫ్టువారు? ఎవరి యింటి అరుగు మీద కూర్చుండి విన్నది? విన్నదానిలో ఏది ఉంచి, ఏది విడిచినది? చెప్పినవాడు కల్లుకంపౌండులో చెప్పిన హాస్యమును కథలో ఎందుకు కన్నీరుగా మార్చినది? ఆ ప్రాంతపు కథలలో కొన్నిట ముగింపున జెండా తప్పక ఎగురును. అది వినినదా, కథకుడు చేర్చినదా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పనంతవరకు ‘ప్రజలు’ అను మాట అమ్మమ్మ కథ వంటి అలంకారమే యగును. మరియొకటి: ఈ సాహిత్యమున సైరను విని పరుగెత్తిన స్త్రీలు చాలమంది కనబడుదురు, ఆ పరుగును స్వయముగా వ్రాసిన స్త్రీలు బహు కొద్దిమంది.

అయితే వారు వివరములు చెప్పకపోవుటకు ఒక బలమైన కారణము ఉండెను. 1981లో సింగరేణిలో సుదీర్ఘమైన సమ్మె జరిగినది. సింగరేణి కార్మిక సమాఖ్య ఆ కాలముననే పుట్టినది. తరువాతి రెండు దశాబ్దములు ఆ ప్రాంతమున అరెస్టులు, ఎన్‌కౌంటర్లు, హత్యలు నిత్యవార్తలు. అప్పుడు ఫలానావాడు నాకు ఈ సంగతి చెప్పెనని వేదిక మీద పలుకుట సాహిత్యచర్చ కాదు, సాక్ష్యమిచ్చుట. కలముపేరు ఆ రోజులలో సరదా కాదు, తలుపు గడియ. కథ చెప్పినవాని పేరు దాచుటయే అతని ఋణము తీర్చుటగా ఆనాటి కథకులు భావించినారు. అది సరియైనదే.

కాని కాలము మారినది. 1990ల ఆరంభమున సింగరేణిలో లక్షకు పైగా ఉండిన కార్మికులు నేడు 40 వేల దరిదాపులకు వచ్చినారు. బెల్లంపల్లి చుట్టునున్న పాత భూగర్భగనులు ఒక్కొక్కటిగా మూతపడినవి. యంత్రములు వచ్చిన తరువాత తట్టా చెమ్మస్ పట్టి టబ్బు నింపిన కోల్‌ఫిల్లరు వృత్తియే అడుగంటినది. ఆ పని చేసినవారు పదవీవిరమణ పొంది, కొందరు పల్లెలకు, కొందరు పట్టణములలోని కొడుకుల యిండ్లకు పోయినారు. మరి కొందరిని గనిదుమ్ము పట్టిన ఊపిరితిత్తులే తీసికొనిపోయినవి. నేడు బెల్లంపల్లిలో పుట్టి పెరిగిన కుర్రవానికి ఆ కథలు ఇచ్చి చదువుమన్నచో, తన తాతగారి పనిముట్ల పేర్లకు అర్థము అడుగును. ఆ అర్థము చెప్పగలవారు ఇప్పుడు ఇరువురే: పని చేసినవాడు, విని వ్రాసినవాడు. ఇరువురును వృద్ధులే.

అందుచేత కథకుని రచనాజీవితమును గూర్చిన ముచ్చట ఈ ప్రాంతమున సభాలంకారము కాదు, అవసరము. శ్రీకాకుళమున కాళీపట్నం రామారావుగారు 1997లో స్థాపించిన కథానిలయము, కథలు తొలుత అచ్చైన పత్రికలను వెదకి వెదకి చేర్చినది. అచ్చైనది నిలుచుటకు ఆ యేర్పాటు కలదు. అచ్చు కాక ముందటి సంగతికి, అనగా ఎవరు చెప్పిరి, ఎట్లు చెప్పిరి, కథకుడు దానిని ఏమి చేసెను అను దానికి అట్టి యేర్పాటు బొగ్గుగనుల ఊళ్లలో కనబడదు. దానికి గొప్ప భవనము అక్కరలేదు. పట్టణ గ్రంథాలయములో ఒక గది, మాటలను పట్టియుంచు ఒక యంత్రము, ప్రశ్నలడుగుటకు ఓపిక గల ఇద్దరు యువకులు చాలును. పేరు బయటపడుట ఇష్టము లేనివారి పేరు ఇప్పటికిని దాచవలసినదే. మాట నిలిచిన చాలును.

ఇక సభల నిర్వాహకులు చేయగల చిన్నపని ఒకటి కలదు. ఈసారి బెల్లంపల్లిలోనో, గోదావరిఖనిలోనో కథకుని పిలిచినపుడు వేదిక మీద రెండవ కుర్చీ వేయవలెను. అందులో శాలువ లేకపోయినను సరే, ఒక పాత కోల్‌ఫిల్లరును కూర్చుండబెట్టవలెను. ప్రేరణ యేమని అడుగుట మాని, కథకుని చేత అతని కథనే మొదటి నుండి చదివింపవలెను. నడుమ ఎక్కడనో ఆ వృద్ధుడు చేయి యెత్తి, ‘అట్ల కాలేదు బిడ్డా’ అన్నచో, చదువుట అక్కడ ఆపి, ఎట్లు జరిగినదో ఆయననే చెప్పనియ్యవలెను.