తెర మీద కులం – 9: "సిల్క్" కాదు, విజయలక్ష్మి అనండి



ప్రతి ఏడాది సెప్టెంబర్ 23 వస్తే చాలు, ఫేస్‌బుక్ అంతా ఒకే రకం ఏడుపు. మత్తు కళ్ల ఫోటో ఒకటి. కింద "పాపం సిల్క్", "అందమే శాపమైంది", "వెలుగు వెనుక చీకటి" అని నాలుగు ముక్కలు. ఆ పోస్టుల కింద కామెంట్లు ఒకసారి చదవండి. మొదటి వాక్యంలో జాలిపడ్డవాడే రెండో వాక్యంలో లొట్టలేస్తుంటాడు. జాలీ సొల్లూ ఒకే నోట్లోంచి కారుతుంటాయి.

ఈ భాగంలో నేను చెప్పేది ఒక్కటే. ఆమె పాపమూ కాదు, శాపమూ కాదు. ఆమె పనిమనిషి లెక్క పనిచేసిన కష్టజీవి. ఆమె నటి. సినిమా పరిశ్రమ ఆమె శ్రమను మింగి ఆమె పేరును ఉమ్మేసింది. ఇది తలరాత కాదు. మర్యాదను కులాన్ని బట్టి, ఇంటిని బట్టి పంచే మన సమాజం పద్ధతి.

ముందు ఆమె బతుకు చూద్దాం. 1960 డిసెంబర్ 2న ఏలూరు దగ్గర కొవ్వలిలో ఒక పేద ఇంట్లో పుట్టింది విజయలక్ష్మి. నాలుగో తరగతితో బడి ఆగిపోయింది. ఇంకా పిల్లగా ఉండగానే పెళ్లి చేశారు. ఆ ఇంట్లో నరకం చూసింది. చాలామంది ఆడపిల్లల్లా అక్కడే నలిగిపోకుండా గడప దాటి మద్రాసు దారి పట్టింది. అక్కడ దొరికింది టచప్ పని. హీరోయిన్ ముఖానికి చెమట అద్దడం, పౌడరు సరిచేయడం. కెమెరాకు రెండు గజాల దూరంలో నిలబడి ఆ వెలుగు వేరేవాళ్ల ముఖం మీద పడుతుంటే చూడటం.

తర్వాత వెలుగు ఆమె మీదా పడింది. కానీ పేరు పోయింది. 1980లో వచ్చిన తమిళ సినిమా 'వండిచక్కరం'లో ఆమె పాత్ర పేరు సిల్క్. ఆ పాత్ర పేరే మనిషికి అంటుకుంది. 'స్మిత' అని పెట్టింది మలయాళ దర్శకుడు ఆంటనీ ఈస్ట్‌మన్. ఒక పేరు పాత్రది, ఇంకో పేరు దర్శకుడిది. తల్లి పెట్టిన పేరు ఎక్కడా లేదు. సినిమాల్లో పేర్లు మార్చుకోవడం మామూలే కదా అంటారు. నిజమే. కానీ అందరి పేర్లూ ఒకేలా మారవు. కొందరికి దేవతల పేర్లు దొరుకుతాయి. విజయలక్ష్మికి ఒక గుడ్డ పేరు దొరికింది. ముట్టుకోవాలనిపించే గుడ్డ. మా తాతల కాలంలో దొర గడీలో మల్లయ్య 'మల్లిగాడు' అయ్యేవాడు, లక్ష్మమ్మ 'లచ్చి' అయ్యేది. పేరు కత్తిరించడం అంటే ఏమిటో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక పని. దగ్గర దగ్గర 17 ఏళ్లు. తమిళం, తెలుగు, మలయాళం, కన్నడం, హిందీ కలిపి 450కి పైగా సినిమాలు. లెక్క వేయండి. ఏడాదికి 26. అంటే పదిహేను రోజులకు ఒక సినిమా. అమ్ముడుపోక డబ్బాల్లో పడి ఉన్న సినిమాలకు ఆమె పాట ఒకటి కలిపి అమ్ముకున్నారని సినిమావాళ్లే కథలుగా చెప్పుకుంటారు. నిర్మాత గట్టెక్కాడు, బయ్యరు గట్టెక్కాడు, థియేటర్ గట్టెక్కింది. అందరినీ ఒడ్డుకు చేర్చిన పడవను మాత్రం ఒడ్డున వదిలేశారు.

"ఆమెకు నటన ఎక్కడొచ్చు?" అనేవాళ్లు 1981 నాటి 'సీతాకోకచిలుక' మళ్లీ చూడండి. భారతీరాజా తీసిన సినిమా, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకున్న సినిమా. అందులో శరత్‌బాబు భార్య ఎవరు? ఈమే. ఒళ్లంతా చీర కప్పుకుని, కళ్లతో నటించింది. బాలూ మహేంద్ర 'వసంత కోకిల'లో ముసలి మాస్టారి పడుచు భార్య ఎవరు? ఈమే. ఆ ఒంటరితనాన్ని అంత నిజంగా చూపించిన నటికి పరిశ్రమ ఇచ్చిన బహుమానం ఏమిటి? ఇంకో క్లబ్బు పాట, దాని తర్వాత ఇంకో క్లబ్బు పాట. 1991లో 'ఆదిత్య 369' కృష్ణదేవరాయల కొలువుదాకా వెళ్లింది. అక్కడా ఆమెకు దొరికింది రాజనర్తకి వేషమే. యుగం మారినా ఆమె స్థానం మారలేదు.

ఇక్కడ ఒక పెద్దమనిషి లేస్తాడు. "అన్నిట్లోకీ కులాన్ని లాగుతారేంది? ఆమె ఇష్టపడి చేసింది, డబ్బు తీసుకుంది" అంటాడు. సరే సార్, మాట్లాడుకుందాం.

ఆమె ఏ కులంలో పుట్టిందన్నది నా ప్రశ్న కాదు. ఆమెను ఏ స్థానంలో నిలబెట్టారన్నదే నా ప్రశ్న. 1916లో కొలంబియా యూనివర్సిటీలో చదివిన పత్రంలో బాబాసాహెబ్ తేల్చి చెప్పారు. కులం నిలబడేది కులం లోపలి పెళ్లిళ్ల మీద. ఆ పెళ్లిళ్లు నిలబడాలంటే ఆడదాన్ని అదుపులో పెట్టాలి. అందుకే సతి, అందుకే వితంతువుకు మళ్లీ పెళ్లి లేకపోవడం, అందుకే బాల్యవివాహం. కొవ్వలిలో ఆ చిన్న పిల్ల మెడలో పడ్డ తాడు ఆ మూడో పనిముట్టే.

ఇంటి ఆడదాన్ని అలా కట్టేశాక మగాడి కోరిక ఎక్కడికి పోవాలి? దానికీ ఊరు ఏర్పాటు చేసింది. మా వాడల్లో పిల్లల్ని జోగినులుగా మార్చింది. దేవుడి పేరు చెప్పి ఊరి సొత్తు చేసింది. దాన్ని నేరమని చట్టం చేయడానికి 1988 దాకా ఆగాల్సి వచ్చింది. ఊళ్లో ఇంటి ఆడది వేరు, ఊరి ఆడది వేరు. తెర మీద హీరోయిన్ వేరు, క్లబ్ డాన్సర్ వేరు. గీత అదే. ఊళ్లో గీసిన గీతనే తెర మీద లైట్లు పెట్టి చూపించారు. హీరోయిన్‌కు చివర్లో తాళి దొరుకుతుంది, క్లబ్ డాన్సర్‌కు తూటానో తలుపో దొరుకుతుంది.

నమ్మకం కుదరలేదా? ఈ కాలం చూడండి. 'జనతా గ్యారేజ్'లో కాజల్, 'జై లవకుశ'లో తమన్నా, 'రంగస్థలం'లో పూజా హెగ్డే, 'పుష్ప'లో సమంత. పాట అదే, నడుము అదే, కెమెరా చూపు అదే. కానీ ఇప్పుడు దాని పేరు 'స్పెషల్ సాంగ్'. చేసినవాళ్ల మర్యాదకు మరక లేదు, ఉండకూడదు కూడా. వాళ్లూ పని చేశారు, వాళ్లతో నాకు తగాదా లేదు. నా తగాదా మీ తూకంతో. ఒకే పని ఒకరు చేస్తే కళ, ఇంకొకరు చేస్తే కంపు ఎట్లా అయింది? కొడుకుల్ని వరసపెట్టి హీరోలుగా దించిన పెద్ద కుటుంబాలు కూతుళ్లను తెర మీదికి తేవడానికి ఎందుకంత వెనకాడాయి? నటన గొప్ప కళే అయితే మీ ఇంటి ఆడపిల్లకు అది పరువు తక్కువ ఎందుకైంది? ఇంకొకరి ఇంటి పిల్ల కావాలి కాబట్టి. పరువు మీది, ఒళ్లు ఇంకొకరిది.

ఈ కథ 1980లో మొదలవలేదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు. ఆ రోజుల్లో అది నిజంగా సాహసమే. కాదనను. ఆ సినిమాతో కాంచనమాల పేరు మోగిపోయింది. మరి మాలపల్లి నుంచి వచ్చిన పిల్ల పేరు ఎప్పుడు మోగింది? ఇన్నేళ్ల తెలుగు సినిమాలో నేను మాలదాన్ని, నేను మాదిగదాన్ని అని చెప్పుకొని నిలబడ్డ అగ్ర కథానాయిక పేరు ఒక్కటి చెప్పండి. తెర మీద మాలపిల్ల పాత్ర ఉంది, మాలపిల్ల లేదు. పక్క రాష్ట్రంలో తొలి మలయాళ సినిమా 'విగతకుమారన్'లో పి.కె. రోజీ అనే దళిత అమ్మాయి నాయర్ స్త్రీ పాత్ర వేసింది. అందుకు ఆమెను తరిమారు. ఊరొదిలి తమిళనాడు పారిపోయి, నటినని చెప్పుకోకుండానే బతుకు వెళ్లదీసింది. వాళ్లు మన పాత్ర వేస్తే చరిత్ర. మనం వాళ్ల పాత్ర వేస్తే నేరం.

ఇదంతా మా ఊహ అనేవాళ్లను ఒకసారి బ్రెజిల్ తీసుకెళ్తాను. అక్కడ మనకు కులం ఉన్నట్టే రంగు ఉంది. జనాభాలో సగానికి పైగా నల్లవాళ్లు, మిశ్రమ రంగువాళ్లు. సీరియళ్లు మాత్రం చాలాకాలం తెల్లవాళ్లవే. రూత్ ద సౌజా అనే నల్లజాతి నటి 1945లోనే రియో మున్సిపల్ థియేటర్ వేదిక ఎక్కింది. 1969లో ఆమె నాయికగా ఒక బానిస కుటుంబం కథను సీరియల్‌గా తీస్తే, పక్కన నల్లవాడి పాత్రను తెల్ల నటుడు ముఖానికి నలుపు పూసుకుని వేశాడు. మన 'మాలపిల్ల' గుర్తొచ్చిందా?

కానీ అక్కడ కథ ఆగలేదు. 1996 సెప్టెంబర్‌లో, ఇక్కడ మద్రాసులో విజయలక్ష్మి 35 ఏళ్లకే చనిపోయిన నెలలోనే, అక్కడ తాయిస్ అరౌజో అనే నల్లపిల్ల 'షికా ద సిల్వా' సీరియల్‌లో ప్రధాన పాత్రగా తెర మీదికొచ్చింది. బానిసగా పుట్టిన ఒక స్త్రీ కథ అది. 2004లో దేశంలోకెల్లా పెద్ద చానెల్ గ్లోబోలో నాయిక అయింది. 2009లో అప్పటిదాకా తెల్ల నటీమణులకే దక్కిన 'హెలేనా' పాత్ర తీసుకుంది. ఇది ఎవరి దయ? ఎవరి దయా కాదు. 1944లో అబ్దియాస్ దో నాసిమెంతో నల్లవాళ్ల నాటక సంఘం పెట్టి వేసిన బాట అది. రూత్ నడిచిన బాట. మా రంగు లేకుండా మా కథ చెప్పొద్దని దశాబ్దాలుగా అడిగిన నోళ్లు తెరిచిన తలుపు.

మనమేం చేశాం? కొవ్వలి పిల్ల కథను కూడా ముంబైవాళ్లకు వదిలేశాం. 2011లో సరిగ్గా ఆమె పుట్టినరోజున 'ద డర్టీ పిక్చర్' విడుదలైంది. అందులో నటించిన విద్యాబాలన్‌కు జాతీయ అవార్డు వచ్చింది. బాగా చేసింది, వచ్చింది. కానీ ఆలోచించండి. సిల్క్‌గా బతికిన మనిషికి అవమానం, సిల్క్‌గా నటించిన మనిషికి అవార్డు. ఆ సినిమా పేరులోనే ఉంది కదా తీర్పు.

ఇప్పుడు దీన్నంతా ఎందుకు తవ్వుతున్నానంటే, విజయలక్ష్మిలు అయిపోలేదు. నేను ఉండేది బేగంపేటలో. పక్కనే రసూల్‌పురా బస్తీ. రసూల్‌పురాలో మెట్రో ఎక్కితే బండి మారకుండా యూసుఫ్‌గూడలో దిగొచ్చు. దిగి నాలుగడుగులేస్తే కృష్ణానగర్. ఈ నగరంలో సినిమా కూలీల అడ్డా అది. ఇట్లాంటి బస్తీల నుంచే జూనియర్ ఆర్టిస్టులు, గ్రూప్ డాన్సర్లు, టచప్ అమ్మాయిలు పుడతారు. పెళ్లి సీన్లో వెనక వరసలో నవ్వే ముఖాలు వాళ్లవి. పోస్టర్ మీద పేరుండదు, తేడా జరిగితే చెప్పుకునే చోటుండదు.

2018లో శ్రీరెడ్డి ఫిల్మ్ చాంబర్ దగ్గర నిరసనకు దిగితే, ఆమె అడిగింది వదిలేసి ఆమె నడవడిక మీద తీర్పులిచ్చారు. మహిళా సంఘాలు పట్టుబడితే 2019లో ప్రభుత్వం కమిటీ వేసింది. 2022లో సబ్‌కమిటీ నివేదిక ఇచ్చింది. 2024 ఆగస్టులో కేరళలో హేమ కమిటీ నివేదిక బయటికొచ్చాక, మన నివేదికనూ బయటపెట్టండని సమంత అంతటి స్టార్ అడగాల్సి వచ్చింది. స్టార్ అడిగితేనే ఇట్లుంటే టచప్ అమ్మాయి అడిగితే ఎవడు వింటాడు?

కాబట్టి జాలి పోస్టులు ఆపండి. ఈ మూడు అడగండి.

ఒకటి. ఆ నివేదికను పూర్తిగా, తెలుగులో, సినిమా కార్మికుల ప్రతి యూనియన్ ఆఫీసులో పెట్టాలి. పేర్లు దాచండి, నిజాలు దాచొద్దు.

రెండు. గద్దర్ పేరు మీద సినిమా అవార్డులు ఇస్తున్నారు. సంతోషం. గద్దర్ ఎవరి కోసం గజ్జె కట్టాడో వాళ్ల కోసం, గ్రూప్ డాన్సర్, జూనియర్ ఆర్టిస్టు, టచప్ పనివాళ్ల కోసం, విజయలక్ష్మి పేరుతో ఒక పురస్కారం పెట్టండి.

మూడు. ఇది మనకు, మన వాళ్లకు కూడా. వాట్సాప్ గ్రూపుల్లో ఆమె ఫోటో పెట్టి ఇకిలించే మన తమ్ముళ్లు కూడా వినాలి. మన అమ్మల్ని ఊరు చూసిన చూపుతో నువ్వు ఇంకో ఆడమనిషిని చూస్తే, నీ గుండె మీద ఉన్న అంబేద్కర్ బొమ్మకు అర్థం లేదు.

వచ్చే సెప్టెంబర్ 23న పోస్టు పెట్టేవాళ్లు 'సీతాకోకచిలుక'లో ఫోటో పెట్టండి. పేరు సరిగ్గా రాయండి. విజయలక్ష్మి, నటి, కొవ్వలి.

జై భీమ్.

(వచ్చే వారం పదో భాగం: తెర మీద మన ఇళ్లు ఎందుకు ఎప్పుడూ తగలబడుతూనే కనిపిస్తాయి?)