దొంగచాటు ఎవరిది?

చాలా కాలానికి ఈ బ్లాగు దుమ్ము దులుపుతున్నాను. కోపం వస్తే తప్ప రాయలేని బద్ధకం నాది. పాత మిత్రులకు ఇది తెలిసిన సంగతే.

కిందటి నెల కరీంనగరులో మా అబ్బాయి చదివే బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. వక్తగా వచ్చిన పెద్దమనిషి పిల్లల కంప్యూటరు వ్యామోహం మీద గంటసేపు మాట్లాడి, చివరకు ఒక మందు చెప్పాడు. పిల్లవాడికి తెలియకుండా వాడి ఫోనులోనూ కంప్యూటరులోనూ ఒక నిఘా సాఫ్టువేరు పెట్టాలట. వాడేం టైపు చేశాడో, ఎవరికేం పంపాడో రాత్రికల్లా మన ఫోనుకు చేరుతుందట. హాలంతా చప్పట్లు. నా పక్కనాయన ఆ సాఫ్టువేరు పేరును పరీక్ష రాసే పిల్లవాడిలా అరచేతిలో రాసుకున్నాడు.

నేను చప్పట్లు కొట్టలేదు. నా సౌశీల్యం వల్ల కాదు. ఆ పని ఏడాది కిందటే చేసి ఉన్నాను గనుక.

మావాడప్పుడు ఎనిమిదో తరగతి. నేను గదిలో అడుగు పెట్టగానే తెర మీద కిటికీ మారిపోయేది. రాత్రి పదకొండింటికి దుప్పటి కింద వెలుగు కనిపించేది. అడిగితే "ఏం లేదు డాడీ, హోంవర్కు" అనేవాడు. ఒక ఆదివారం వాడు క్రికెట్టుకు వెళ్ళినప్పుడు ఆ సాఫ్టువేరు పెట్టేశాను. మూడు వారాల పాటు ప్రతి రాత్రీ భోంచేశాక కూర్చుని కొడుకును చదివాను. ఏమున్నాయి అందులో? ఆటలోని తుపాకుల పేర్లు, లెక్కల మాస్టారికి పెట్టిన మారుపేరు, తానింకా పొడవు పెరుగుతానా లేదా అన్న దిగులు. వాటితో బాటు వాడి స్నేహితుడొకడు తమ ఇంట్లో అమ్మానాన్నల మధ్య జరుగుతున్న గొడవ గురించి రాసుకున్న నాలుగు వాక్యాలు. అవి నేను చదవవలసినవి కావు. మరో ఇంటి దుఃఖంలోకి చెప్పులతో నడిచి వెళ్ళినట్లయింది. ఇప్పటికీ ఆ పిల్లవాడి తండ్రి ఎదురుపడితే తల తిప్పుకుంటాను.

దాని కిందనే మావాడి జవాబు. "ఇగ ఇండ్ల మాట్లాడద్దురా, మా డాడీ సదువుతుండు."

ఎప్పుడు కనిపెట్టాడో తెలియదు. ఆ తర్వాత నాకు కనిపించిందంతా నా కోసం రాసిందే. సైన్సు ప్రాజెక్టు, మార్కులు, గుడ్ నైట్. అసలు మాటలన్నీ వీధి చివర ఎవరి ఫోనులోకో తరలిపోయాయి. ఇంట్లో ఉన్న దొంగచాటును నేనే వీధిలోకి తరిమాను.

ఇప్పుడు మీతో నా తగాదా. అవును, మీతోనే, నా తోటి బ్లాగరులతో.

2006, 2007 నాటి మన సంగతులు గుర్తు చేయనా? లేఖినిలో టైపు చేసి, టపా కూడలిలో కనిపించిందా లేదా అని నిమిషానికోసారి చూసుకున్న రోజులు. అదంతా ఎక్కడ చేశాం? ఆఫీసులో, పని చేస్తున్నట్లు నటిస్తూ. పై అధికారి అడుగుల చప్పుడు వినగానే ఆల్ట్, ట్యాబ్ నొక్కడంలో నా వేళ్ళకుండిన వేగమే మావాడికి వచ్చిందేమో! మనలో ఎంతమందిమి మారుపేర్లతో రాశాం? ఏ నేరం చేశామని? బావమరిదీ, మేనేజరూ, పక్కింటాయనా చదవని చోటు ఒకటి కావలసి వచ్చింది, అంతే. ఆ చోటు దొరికినందుకే మనలో కొందరం మనుషులమయ్యాం. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పినప్పుడు సంతోషించిన వాళ్ళమే కదా. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక పదహారో అధికరణం అదే మాటను పిల్లల గురించి చెబుతుంది. 1992లో మన దేశం దానికి ఒప్పుకుంది. పద్నాలుగేళ్ళ వాడికి మీసం మొలకెత్తుతుంటే మురిసిపోతాం గానీ, వాడికొక రహస్యం మొలకెత్తితే పోలీసులమైపోతాం.

పైగా ఈ ఫోను వాళ్ళ చేతిలో పెట్టిందెవరు? 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుంచి సర్కారు బడుల పిల్లలకు దూరదర్శన్ యాదగిరిలోనూ టీశాట్‌లోనూ పాఠాలు వచ్చాయి. ప్రైవేటు బడులేమో ఫోనుల్లో తరగతులు పెట్టాయి. జగిత్యాలలో మా చిన్నమ్మ బీడీల పైసలతో మనవడికి ఫోను కొనిచ్చింది. ఉట్నూరు వైపు గూడేల్లో ఫోను ఉన్నా సిగ్నలుండేది కాదు. బడులు తెరిచాక ఎవరూ ఆ ఫోనును వెనక్కు తీసుకోలేదు. తీసుకోలేరు కూడా, హోంవర్కు ఇప్పటికీ వాట్సాపులోనే వస్తుంది మరి. ఆరేళ్ళ కింద "ఫోను చూడరా" అని బతిమాలిన నోళ్ళే ఇప్పుడు "ఫోను వదలరా" అని అరుస్తున్నాయి.

మా ప్రాంతపు ఇంకొక సంగతి ఆ వక్తకు తెలిసినట్లు లేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో తండ్రి గల్ఫులో ఉన్న ఇళ్ళెన్నో. దుబాయిలో వాట్సాపు కాల్ కలవదు. ఐఎంఓ అనీ, బోటిమ్ అనీ ఏదో ఒకటి ఎక్కించి తల్లికి నేర్పేది ఆ పిల్లవాడే. ఆ ఇంట్లో ఫోనంటే తండ్రి ముఖం. రోజుకు గంటే తెర చూడాలని గీత గీసేవాళ్ళు, ఆ గంటలో తండ్రికి ఎన్ని నిమిషాలు కేటాయిస్తారో చెప్పాలి.

యంత్రమే పిల్లలను చెడగొడుతుందన్న వాదానికి మా దగ్గరే జవాబుంది. 2008లో బాసర ట్రిపుల్ ఐటీ పెట్టినప్పుడు పదో తరగతి దాటిన పల్లె పిల్లలకు, ఆడపిల్లలకు కూడా, చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి చదివించారు. అందులో సినిమాలు చూసినవాళ్ళు లేరా? ఉన్నారు. ఇంజినీర్లయినవాళ్ళూ ఉన్నారు. 2022 జూన్‌లో ఎండకూ వానకూ వారం పాటు ఆరుబయట కూర్చున్న విద్యార్థుల కోరికల్లో ల్యాప్‌టాప్‌లు కూడా ఒకటి. కంప్యూటరు వాళ్ళకు దాచుకునే వస్తువు కాదు, అడిగి తీసుకునే హక్కు.

అయితే వదిలేయమంటావా అని మీరడుగుతారు. అనను. ప్రమాదాలు నిజమే. ఆన్‌లైన్ పేకాటను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెపు ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. అవి ఊరికే రాలేదు. ఫొటోలు అడిగి బెదిరించేవాళ్ళున్నారు. కానీ నిషేధాల మీదనే భారం వేసి కూర్చుంటే ఏమవుతుందో కూడా చూశాం. 2020 సెప్టెంబరులో పబ్జీని నిషేధిస్తే, ఏడాది తిరక్కుండానే అది వేరే పేరుతో వచ్చింది. ఎవరైనా బెదిరించిన నాడు పిల్లవాడు ఎవరికి చెప్పుకుంటాడు? ఫోను లాక్కుంటారని తెలిసినవాడు చచ్చినా ఇంట్లో చెప్పడు. నిఘా పెట్టిన తండ్రికైతే అసలే చెప్పడు. దాచడం వాడికి నేర్పింది ఆ భయమే. ఆరేళ్ళ బిడ్డ ఎంతసేపు ఏం చూడాలో తల్లిదండ్రులే తేల్చాలి, అందులో నాకు సందేహం లేదు. పద్నాలుగేళ్ళ వాడితో మాత్రం బేరమాడాలి.

సమావేశం నుంచి వచ్చిన రాత్రి వాడి ఎదుటే ఆ సాఫ్టువేరు తీసేశాను. ఏడాది కింద ఏం చేశానో చెప్పాను. "ఎరుకే డాడీ" అన్నాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు కూర్చుని మాట్లాడుకున్నాం, వాళ్ళమ్మ మధ్యవర్తి. కంప్యూటరు హాల్లోకి వచ్చింది, తెర గోడ వైపు తిరిగి ఉండకూడదు. డబ్బు కట్టే ఏ యాపూ వాడి ఫోనులో ఉండదు. వాడి మాటలు నేను చదవను. ఎవడైనా ఫొటోగానీ డబ్బుగానీ అడిగితే వాడు నాకు చెప్పాలి, చెప్పినందుకు ఫోను పోదు. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోనులన్నీ హాల్లో గూట్లో పడాలి. "అన్నీ అంటే నీది గూడ" అన్నాడు. ఒప్పుకున్నాను. మొదటి వారం నేనే రెండుసార్లు తప్పాను, వాడు గూటి పక్కన కాగితం మీద గీతలు గీసి పెట్టాడు. వాడి గీత ఒకటి, నావి రెండు. చదువు మారిందా అంటే పెద్దగా లేదు. దుప్పటి కింద వెలుగు మాత్రం లేదు.

మొన్న అన్నం తింటూ అడిగాడు, నీ బ్లాగు ఏ పేరుతో ఉందని. ఇంకా చెప్పలేదు.