అమెరికాలో ఉండి ఇండియా నుంచి బిడ్డను దత్తత తీసుకోవాలంటే... ఖర్చెంత? ఏ కాగితం ముందు?

‘‘పెద్దమ్మ గారి ఊళ్లో ఓ పాప ఉందట. వచ్చి దత్తత పత్రం రాయించుకుని తీసుకెళ్లండి.’’ అమెరికాలో ఉండే పిల్లల్లేని దంపతులకు ఇక్కడి బంధువులు తరచూ ఇచ్చే సలహా ఇది. మంచి మనసుతో చెప్పే మాటే. కానీ దాన్ని నమ్మి ముందు దత్తత పూర్తిచేసి, వీసా సంగతి తర్వాత చూద్దామనుకుంటే బిడ్డ ఇక్కడ, తల్లిదండ్రులు అక్కడ ఉండిపోయే పరిస్థితి రావచ్చు. మీ ఇంట్లో ఎవరైనా ఈ ఆలోచనలో ఉంటే ముందు ఈ విషయాలు తెలుసుకోండి.

మొదటి ప్రశ్న: మీరు ఏ దేశ పౌరులు?

అంతర్దేశ దత్తతలపై 1993 నాటి హేగ్ ఒప్పందంలో భారత్, అమెరికా రెండూ ఉన్నాయి. అందువల్ల రెండు దేశాల నిబంధనలూ పాటించాల్సిందే. చిక్కంతా ఇక్కడే ఉంది. పిల్లల కేటాయింపులో ఎన్ఆర్ఐలకు, అంటే భారత పాస్‌పోర్టు ఉన్నవారికి, మన దేశంలో ఉండేవారితో సమాన ప్రాధాన్యం ఉంటుంది. అమెరికా మాత్రం ఈ దత్తతకు తొలి మెట్టయిన ఐ-800ఏ దరఖాస్తును తన పౌరుల నుంచే తీసుకుంటుంది. భార్యాభర్తల్లో ఒకరు పౌరులైతే చాలు. ఇద్దరూ హెచ్-1బీ మీదో, గ్రీన్‌కార్డు మీదో ఉంటే ఈ దారి లేదు. అలాంటివారు బిడ్డను చట్టబద్ధ సంరక్షణలో ఉంచుకుని, రెండేళ్లు కలిసి జీవించినట్లు చూపితేనే ఆ బిడ్డను వలస చట్టం వారి సంతానంగా గుర్తిస్తుంది. ఏజెన్సీకి డబ్బు కట్టే ముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవమనేది అందుకే.

కాగితాలు ఏ వరుసలో?

1. అమెరికాలో గుర్తింపు పొందిన ఏజెన్సీతో హోమ్ స్టడీ చేయించుకోవాలి. పాస్‌పోర్టులు, పెళ్లి సర్టిఫికెట్, ఆదాయ పత్రాలు, వైద్య నివేదికలు, పోలీసు క్లియరెన్స్ సిద్ధం చేసుకోవాలి.
2. ఐ-800ఏ దాఖలు చేయాలి. వచ్చే ఆమోదం 15 నెలలే చెల్లుతుంది. బిడ్డ కోసం నిరీక్షణ అంతకంటే సాగితే, గడువు ముగిసేలోపే పొడిగింపు అడగాలి.
3. ఏజెన్సీ ద్వారా కేంద్ర దత్తత వనరుల సంస్థ ‘కారా’ పోర్టల్‌లో నమోదు కావాలి.
4. బిడ్డను కేటాయించాక, వైద్య నివేదిక చదివి అంగీకరించాలి. ఆ తర్వాత ఐ-800 పిటిషన్ వేయాలి.
5. దానికి తాత్కాలిక ఆమోదం, కాన్సులేట్ లేఖ, కారా ఎన్ఓసీ వచ్చాకే దత్తత ఉత్తర్వు. 2022 సెప్టెంబరు నుంచి ఈ ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా కలెక్టర్.
6. చివరగా బిడ్డకు పాస్‌పోర్టు, కారా ధ్రువపత్రం, వీసా. ఇక్కడే దత్తత పూర్తయి ఐహెచ్-3 వీసాపై వెళ్లిన బిడ్డకు అమెరికాలో అడుగుపెట్టగానే పౌరసత్వం వస్తుంది.

ఖర్చు ఎంత?

భారత నిబంధనల ప్రకారం దత్తత సంస్థకు చెల్లించాల్సింది 5,000 డాలర్లు. ఐ-800ఏ ఫీజు 2024 ఏప్రిల్ నుంచి 920 డాలర్లు. మొదటి బిడ్డకు వేసే ఐ-800కు ఫీజు లేదు. వీసా దరఖాస్తుకు 325 డాలర్లు. ఇవన్నీ కలిపితే 6,245 డాలర్లు. ఏజెన్సీ ఫీజు, హోమ్ స్టడీ, విమాన టికెట్లు దీనికి అదనం. ఏజెన్సీ ఫీజు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. దేనికెంతో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. 2025 పన్ను సంవత్సరానికి అమెరికా దత్తత పన్ను క్రెడిట్ గరిష్ఠంగా 17,280 డాలర్లు. ఆదాయం బాగా ఎక్కువైతే ఇది తగ్గుతుంది. విదేశీ దత్తతలో ప్రక్రియ పూర్తయ్యాకే దీన్ని క్లెయిమ్ చేసుకోవాలి. అంటే ముందు మీ చేతి డబ్బే పెట్టాలి.

బంధువుల బిడ్డయితే?

హిందూ దత్తత చట్టం కింద పత్రం రిజిస్టర్ చేయించినంత మాత్రాన సరిపోదు. బిడ్డను విదేశానికి తీసుకెళ్లాలంటే కలెక్టర్ పరిశీలన, కారా ఎన్ఓసీ అవసరమని 2021లోనే నిబంధనలు వచ్చాయి. పైగా ఐ-800 తాత్కాలిక ఆమోదం రాకముందే దత్తత పూర్తిచేస్తే, ఆ దత్తతను రద్దు చేయించుకుంటే తప్ప అమెరికా పిటిషన్‌ను తిరస్కరిస్తుంది. మరో షరతు కూడా ఉంది. కన్నవారిద్దరూ బతికుంటే, బిడ్డను సరిగా పోషించే స్థితిలో వారు లేరని చూపాలి. బాగా బతుకుతున్న అన్న కూతురికి ఈ దారి దాదాపు మూసుకున్నట్లే. బిడ్డకు 16 ఏళ్లు నిండకముందే పిటిషన్ వేయాలి.

‘నేను చూసుకుంటా’ అనే మధ్యవర్తి వస్తే?

దూరంగా ఉండండి. మన దేశంలో పిల్లల్ని అమ్మినా కొన్నా అయిదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. డబ్బుతో పోయేది కాదిది, కొన్నవారూ నిందితులే.

బిడ్డ ఇల్లు చేరాక కూడా రెండేళ్ల పాటు నివేదికలు పంపాలి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి. ఊళ్లో పాప ఉందని ఫోన్ వస్తే, టికెట్ బుక్ చేయడం కాదు, ముందు మీకు ఐ-800ఏ వేసే అర్హత ఉందో లేదో చూసుకోండి.