బిల్లివ్వరు, బిల్లడుగుతారు

మా పుత్తూరు బజారులో ఏదైనా కొంటే "బిల్లు కావాలంటే జీఎస్టీ పడుతుందన్నా" అంటారు. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి కదా, దాని మీద మళ్ళీ జీఎస్టీ ఏంటో! సరే, ఆ వస్తువు రెండ్రోజుల్లో చెడిపోయి వెనక్కి తీసుకెళ్తే అదే అంగడాయన మొదటి ప్రశ్న: "బిల్లు యాడ?" మొన్న మా అమ్మ కొన్న మిక్సీకీ ఇదే జవాబు.

నన్నడిగితే ఇది దబాయింపే. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ లేకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకోననడం కూడా అంతే. రంగు నచ్చలేదంటే మాత్రం ఈ నియమం వర్తించదు. అది అంగడాయన మంచితనం.

మరి కొన్నట్టు రుజువో? ఫోన్‌పేలో కట్టుంటే ఎవరికి, ఎప్పుడు, ఎంత కట్టామో అందులోనే ఉంటుంది. ముద్ర వేసిన వారంటీ కార్డూ పనికొస్తుంది. చిక్కంతా చేతికి నోట్లిచ్చేవాళ్ళకే, అంటే మన అమ్మానాన్నలకే.

ఆన్‌లైన్లో రిటర్న్ బటన్ నొక్కి మర్చిపోయే మనం వాళ్ళకి రెండు ముక్కలు చెబితే చాలు. బిల్లు చేతికొచ్చాకే డబ్బులివ్వండి. చెడిపోయింది తీసుకోనంటే 1915కి ఫోన్ చెయ్యండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు కొనుగోలుకి అక్కడ ఫీజు కూడా లేదు.

ఈసారి ఊరెళ్ళినప్పుడు ఆ నంబరు వాళ్ళ ఫోన్లో మీరే సేవ్ చేసి రండి.