రెండు చెంచాల ఉప్పుతో సుమేరియా పాఠం

పరీక్షల రోజుల్లో మన ఇళ్ళల్లో సాయంత్రాలు ఎలా గడుస్తాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. స్టవ్ మీద పులుసు మరుగుతూ ఉంటుంది. వంటింటి గడప దగ్గర కూచుని పిల్లో పిల్లాడో, "అమ్మా, నువ్వు ప్రశ్నలడుగు, నేను అప్పజెప్తాను" అంటారు. మనం ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో పుస్తకం పట్టుకుని అడుగుతాం.

మొన్న మా పక్కింట్లోనూ ఇదే జరుగుతోంది. "సుమేరియన్లు ఎక్కడ నివసించారు?" అని తల్లి. "టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య. ఆ నేల సారవంతమైనది. అందువల్ల అక్కడ నాగరికత వికసించింది" అని పిల్ల గడగడా చెప్పేసింది. చెప్పాక ఒక్క క్షణం ఆగి, "అంత మంచి నేలైతే, ఫొటోలో ఇప్పుడు ఎడారిలా ఉందేంటమ్మా?" అంది. "అవన్నీ నాకేం తెలుసే, రేపు మీ టీచర్నడుగు" అనేసింది వాళ్ళమ్మ.

ఆవిడకి తెలియకేం! జవాబులో సగమైనా ఆవిడ వంటింట్లోనే ఉంది. మీ వంటింట్లోనూ ఉంది. ఎలాగో చెప్తాను.

ముందు ఆ ఊళ్ళని ఒకసారి చూడండి. ఇప్పటి ఇరాక్ దేశపు దక్షిణభాగం అది. సుమారు అయిదువేల ఏళ్ళ క్రితం ఉరుక్, ఊర్, ఎరిదు, నిప్పూర్, లగష్ లాంటి పట్టణాలు అక్కడ వెలిగాయి. పాఠంలో 'సారవంతమైన నేల' అని ఉంటుంది కానీ, కొత్తగా కాపరానికి వెళ్ళిన ఇల్లాలి కళ్ళతో చూస్తే ఆ ఇంట్లో ఉన్నవాటికన్నా లేనివే ఎక్కువ! ఇల్లు కట్టడానికి రాయి లేదు. దూలానికి మంచి కలప లేదు. రాగి లేదు, బంగారం లేదు. వానైనా ఉందా అంటే, ఏడాదికి 200 మిల్లీమీటర్లు కూడా పడదు. మనం కరువుసీమ అనుకునే అనంతపురంలోనే 500 దాటుతుంది కదా!

మరి ఉన్నవేమిటి? నదులు మోసుకొచ్చిన ఒండ్రుమట్టి, నీళ్ళు, చిత్తడి నేలల్లో పెరిగే రెల్లు. అంతే. ఆ మూడింటితోనే సంసారం దిద్దుకున్నారు. మట్టి ఇటుకలతో ఇళ్ళూ, గుళ్ళూ కట్టారు. ఇంకా పూర్వం కోత కోసే కొడవళ్ళు కూడా కాల్చిన మట్టితోనే చేసుకున్నారు. రాయడానికి బంకమట్టి పలకలు, కలానికి రెల్లుపుల్ల. క్రీ.పూ. 3200 ప్రాంతంలో ఉరుక్‌లో మొదలైన ఆ రాతలో ముందుగా రాసుకున్నవి కావ్యాలనుకుంటున్నారా? కాదు. ఎంత బార్లీ వచ్చింది, ఎన్ని గొర్రెలున్నాయి, ఎవరికెంత ఇచ్చాం అనే పద్దులు! మనం పాలవాడి లెక్క కేలెండర్ మీద గీసుకుంటామే, అలాంటివే.

లేనివాటిని బేరాలాడి తెచ్చుకున్నారు. ఊర్‌లో 1922 నుంచి 1934 దాకా లియొనార్డ్ వూలీ తవ్వకాలు జరిపినప్పుడు పుఆబి అనే రాణి సమాధి బయటపడింది. ఆవిడ తలమీద బంగారు ఆకుల దండలు, నీలిరాళ్ళు, ఎర్రరాళ్ళు. అందులో నీలిరాయి అఫ్ఘానిస్థాన్ కొండల్లోది. సింధులోయ పనివాళ్ళు తెల్లగీతలు దిద్దిన ఎర్రపూసలు కూడా ఊర్ సమాధుల్లో దొరికాయి. ఆ నగలు ఇప్పుడు అమెరికాలో ఫిలడెల్ఫియా మ్యూజియంలో చూడొచ్చు. 'సుమేరియన్ల వ్యాపారం' అనే ప్రశ్నకి ఈ ఒక్క నగ కథ చెప్పి చూడండి, పిల్లలు మర్చిపోరు.

పిల్లలకి ఇంకా నచ్చే ముచ్చట ఒకటుంది. ఆ కాలపు బడి గురించి మట్టిపలకల మీద రాసిన కథని శామ్యూల్ నోవా క్రేమర్ అనే పండితుడు 1949లో ప్రచురించారు. అందులో పిల్లాడు పొద్దున్నే లేచి, అమ్మ ఇచ్చిన రెండు రొట్టెలు తీసుకుని బడికి పరుగెడతాడు. అక్కడ ఒకే రోజు ఎన్నోసార్లు దెబ్బలు తింటాడు. చేతిరాత బాగాలేదనీ ఒక దెబ్బే! చివరికి వాళ్ళ నాన్న అయ్యవారిని ఇంటికి పిలిచి భోజనం పెట్టి, బట్టలు పెట్టి, ఉంగరం తొడిగితే, అయ్యవారు ఆ పిల్లాణ్ణి ఆకాశానికెత్తేస్తాడు. దాదాపు నాలుగువేల ఏళ్ళ నాటి కథ ఇది. టిఫిన్ కట్టే అమ్మలు అప్పుడూ ఉన్నారు చూశారా!

ఇప్పుడు పక్కింటి పిల్ల ప్రశ్నకొద్దాం.

అక్కడి నదులకి నీళ్ళొచ్చేది ఎక్కడో ఉత్తరాన కొండలమీద మంచు కరిగితే. ఆ వరద వచ్చేది ఎండాకాలం మొదట్లో, సరిగ్గా పంట కోతకొచ్చే వేళకి. విత్తనాలు చల్లే శీతాకాలం ముందు మాత్రం నది సన్నగా ఉంటుంది. వద్దన్నప్పుడు వచ్చేదీ, రమ్మన్నప్పుడు రానిదీ ఆ నీరు. అందుకే కాలువలు తవ్వి, గట్లు వేసి, ఏటేటా పూడిక తీసి పొలాలకి పారించారు. అన్నం పెట్టింది ఆ కాలువలే. కానీ ఆ నీళ్ళలో కంటికి కనిపించని ఉప్పుంది.

మీ ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది కదా? నీరు ఆవిరై పోతుంది, అందులోది మాత్రం గిన్నెకి అంటుకుంటుంది. పొలంలోనూ అంతే. ఎండకి నీరు పోయింది, ఉప్పు మిగిలింది. పైగా అది గచ్చులా చదునైన నేల, పెట్టిన నీరు బయటికి పోయే దారి తక్కువ. నీరు లోపలికి ఇంకి ఇంకి భూగర్భంలో మట్టం పైకొచ్చింది. అప్పుడు ప్రమిదలో నూనె వత్తి వెంట ఎక్కినట్టు, అడుగున ఉన్న ఉప్పునీరు మట్టి వెంట పైకెక్కి, పొలం తెల్లగా పేలిపోయింది. మన రైతులు 'చౌడు' అనేది దీన్నే.

ఈ సంగతిని జేకబ్‌సెన్, ఆడమ్స్ అనే ఇద్దరు పరిశోధకులు 1958లో వివరంగా రాశారు. క్రీ.పూ. 3500 ప్రాంతంలో గోధుమ, బార్లీ ఇంచుమించు సమానంగా పండేవట. గిర్సు అనే చోట క్రీ.పూ. 2100 నాటికి గోధుమ 2 శాతం కూడా లేదు. క్రీ.పూ. 1700 వచ్చేసరికి దక్షిణాన గోధుమ పూర్తిగా పోయిందని వాళ్ళ లెక్క. బార్లీ ఉప్పుని కొంత ఓర్చుకుంటుంది, గోధుమ ఓర్చుకోలేదు. ఈ లెక్కల్ని ఒప్పుకోని పండితులూ ఉన్నారు. ఉప్పు ఒక్కటే కారణమనీ అనలేం. యుద్ధాలొచ్చాయి, ఊర్ పక్కన పారిన యూఫ్రటీస్ దారి మార్చుకుని దూరం జరిగింది. ఆ రైతులు తెలియనివాళ్ళూ కాదు, ఏడాది విడిచి ఏడాది పొలాన్ని బీడుగా వదిలేవాళ్ళు. అయినా ఉప్పుతో వాళ్ళ పోరాటం మాత్రం నిజం.

ఇక మీరు చేయాల్సింది. ఇటుకముక్క ఒకటి, పింగాణీ సాసరు ఒకటి తీసుకోండి. (స్టీలు పళ్ళెం వద్దు, ఉప్పునీళ్ళకి మచ్చలు పడుతుంది.) గ్లాసుడు నీళ్ళలో రెండు చెంచాల ఉప్పు కలపండి. ఇటుకని సాసర్లో నిలబెట్టి, అడుగు తడిసేలా ఆ నీళ్ళు పోసి, ఎండ తగిలేచోట ఉంచండి. నీళ్ళు తగ్గినప్పుడల్లా పిల్లలచేతే మళ్ళీ ఉప్పునీళ్ళు పోయించండి. నాలుగైదు రోజుల్లో ఇటుక పైభాగాన తెల్లటి పొడి తేలుతుంది. "నీళ్ళు కింద పోశాం కదా, ఉప్పు పైకెలా వచ్చింది?" అని మీరే అడగండి. జవాబు వాళ్ళనే వెతుక్కోనివ్వండి.

ఇంకో సాయంత్రం బంకమట్టిని అప్పచ్చిలా చేసి ఇచ్చి, ఐస్‌క్రీమ్ పుల్ల మూలతో నొక్కి ఇంటి సరుకుల పద్దు రాయమనండి. తప్పు రాస్తే తడిపి పిసికితే సరి, మళ్ళీ కొత్త పలక! నిప్పూర్‌లో 1951-52లో తవ్విన ఒక చిన్న బడి ఇంట్లో, వాడేసిన పలకల మట్టిని మళ్ళీ కలుపుకునే తొట్టి కూడా కనిపించింది.

"ఇదంతా చేస్తే మార్కులొస్తాయా?" అంటారేమో. తప్పక వస్తాయి, అర్థమైన జవాబు పరీక్ష హాల్లో మర్చిపోరు కనక. కానీ నేను చెప్పేది అందుకు మాత్రమే కాదు. 'నదులుండటం వల్ల నాగరికత వికసించింది' అన్న దగ్గర ఆగితే పిల్లలకి సగం పాఠమే వచ్చినట్టు. నీళ్ళున్నాయి కదా అని ఎంతైనా పారించొచ్చు అనుకుంటారు. పెట్టిన నీటికి బయటికి పోయే దారి కూడా చూడాలన్నది మిగతా సగం. రేపు పొలం చేసేదీ, కాలువలు కట్టేదీ, నీళ్ళు పంచేదీ ఈ పిల్లలే.

ఇంకోమాట. పిల్లలు అయిదో తరగతి దాటగానే "మనకేం తెలుసు" అని పుస్తకం ట్యూషన్ మాస్టారికి అప్పగించేస్తాం. గిన్నె అడుగున తెల్లపొర ఎందుకు కడుతుందో, వత్తి నూనెని ఎలా లాగుతుందో తెలిసిన మనకి ఏమీ తెలియదని ఎవరన్నారు? ఈసారి పిల్లలు ప్రశ్న అడిగితే "మీ టీచర్నడుగు" అనేముందు, ఒక్కసారి మీ వంటింట్లోకి చూడండి.