పూచీ ఎవరిది?

ఇంగ్లీషువారి ‘వారంటీ’కి తెలుగులో సరైన మాట లేదని మా కాలేజీ కుర్రవాళ్ళు అంటూంటారు. ఎందుకు లేదూ? ‘పూచీ’ అని నిక్షేపంలాంటి మాట ఉంది. పశువుల సంతలో గిత్తను అమ్మేవాడు “దీనికి నాదీ పూచీ” అంటే, కొనేవాడు పళ్ళు చూసి, సుడులు చూసి, తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం తెంపుకునేవాడు. వారం తిరక్కుండా ఆ గిత్త కాడి కింద కూలబడిందా, పూచీపడ్డవాడి ఊరూ పేరూ తెలుసును గనక తోలుకుపోయి వాడి గుమ్మంలోనే కట్టేసి వచ్చేవారు. ఈ కాలపు పూచీకి ఆ గుమ్మం ఎక్కడుందో ముందు వెతుక్కోవాలి.

మా రావులపాలెం సంగతి మీకు తెలియంది కాదు. గౌతమి వంతెన దాటి కోనసీమలో అడుగుపెట్టేవాళ్ళకి మొదట తగిలేది మా ఊరే. అరటి గెలల వ్యాపారానికి పెట్టింది పేరు. తెల్లవారకుండానే లంకల నుంచి గెలలు దిగుతాయి. పొద్దుగూకేసరికి లారీలెక్కి ఒరిస్సా దాకా పోతాయి. ఇప్పుడా లారీల మధ్య నుంచి, నాలుగు వలయాల బొమ్మవీ, మూడు కొమ్మల చుక్క బొమ్మవీ కార్లు మెత్తగా జారిపోతూ కనిపిస్తున్నాయి. వాటిలో ఒక చెయ్యి మారి వచ్చినవి కూడా ఉన్నాయని చూసినవాడికి తెలియదు. ‘సెకండ్‌హాండ్’ అంటే అమ్మేవారికి కోపం. ‘ప్రీ-ఓన్డ్’ అనాలిట. దాని నుదుట ‘సర్టిఫైడ్’ అని తిలకం కూడా దిద్దుతారు.

మా మేనత్తగారి అబ్బాయికి మార్కెట్టులో కమీషన్ కొట్టు ఉంది. నాకు వరసకు బావ, వయసుకు అన్న. రెండేళ్ళు తుఫాను బెడద లేకుండా గడవడంతో ఆయన చేతిలో నాలుగు డబ్బులు నిలిచేయి. కొత్తదైతే 60 లక్షలు పలికే జర్మనీ కారు, నాలుగేళ్ళు తిరిగింది, 28 లక్షలకు వస్తోందని తెలిసి ఆయనకు నిద్ర పట్టలేదు. మా అత్తయ్యకూ నిద్ర పట్టలేదు గాని కారణం వేరు. ఆ 28లో పది లక్షలు మనవరాలి చదువుకని బ్యాంకులో దాచినవి.

ఒకనాటి సాయంత్రం బావ ఒక అచ్చుపుస్తకం పట్టుకుని వచ్చేడు.

“ఏరా, నువ్వు పంతులువి కదా, ఇది చదివి నాకు అర్థం చెప్పు.”

“ఇంగ్లీషులో ఉంది కదా బావా! నేను చెప్పేది తెలుగు.”

“భాష ఏదైతేనేంరా, మెలిక మెలికేగా!”

ఆ మాట నిజం. వ్యాకరణం చదువుకున్నవాళ్ళకి ఈ వారంటీ పుస్తకాలు కొత్తగా అనిపించవు. ముందు ఒక సామాన్య సూత్రం ఉంటుంది, దాన్ని ఉత్సర్గం అంటారు. వెనకాల దాన్ని కాదనే ప్రత్యేక సూత్రాలుంటాయి, అవి అపవాదాలు. రెండూ తలపడ్డచోట గెలిచేది అపవాదమే. చిన్నయసూరిగారు 1858 నాటి బాలవ్యాకరణంలో ‘బహుళం’ అనే ఒక్కమాటతో సూత్రానికి లొంగని ప్రయోగాలన్నిటికీ చోటిచ్చారు. ఈ పుస్తకం రాసినవారు ‘వాడకంలో వచ్చే అరుగుదల’ అనే ఒక్కమాటతో తమకు అంతకంటె విశాలమైన చోటు ఉంచుకున్నారు.

ఉత్సర్గం ఏమంటుందంటే: యంత్రభాగం ఏదైనా తనంత తాను చెడితే, అంటే మనం గుద్దకుండా, ముంచకుండా చెడితే, బాగుచేసి ఇస్తాం. ఇంజను లోపలి భాగాలు, గేరుబాక్సు, డిఫరెన్షియలు, స్టీరింగు, ఇంధనం పంపు, ఆల్టర్నేటరు, ఏసీ కంప్రెసరు, కారుకు మెదడులాంటి ఎలక్ట్రానిక్ పెట్టెలు సాధారణంగా ఇందులోకి వస్తాయి. అపవాదాలేమిటయ్యా అంటే టైర్లు, బ్రేకు పాడ్లు, డిస్కులు, క్లచ్ ప్లేటు, వైపరు రబ్బర్లు, బల్బులు, అద్దాలు, రంగు, సీట్ల తోలు, చాలా పుస్తకాల్లో బ్యాటరీ కూడా. ఆయిలు, ఫిల్టర్లు, ఏసీలో పోసే గ్యాసు సరేసరి.

“అంటే తరుచు పోయేవన్నీ మనవి, ఎప్పుడోగాని పోనివి వాళ్ళవి అన్నమాట!” అన్నాడు బావ.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గాని అందులో అన్యాయం లేదు. టైరు అరుగుతుందని మనకు ముందే తెలుసు, దానికి డబ్బు కూడబెట్టుకోవచ్చు. గేరుబాక్సు పోతుందని ఎవడు కలగంటాడు? ఇక్కడే ఒక లెక్క ఉంది, దాన్ని అమ్మేవారు చెప్పరు, కొనేవారు అడగరు. కారు వెల నాలుగేళ్ళలో సగమైంది గాని, దాని గేరుబాక్సు వెల సగం కాలేదు. 28 లక్షలకు కొన్నవాడు 60 లక్షల కారుకయ్యే రిపేరే చేయించాలి. మామూలు కారుకు వారంటీ ఒక సదుపాయం. ఇలాంటి కారు విషయంలో మనం కొనే సరుకులో సగం వారంటీయే.

అయితే ఎవరి వారంటీ? పాతకారు మీద మూడు రకాల పూచీలు ఉండవచ్చు. కొత్తప్పుడు కంపెనీ ఇచ్చినదాంట్లో మిగిలిన భాగం మొదటిది. అది మనం కొన్న రోజు నుంచి కాదు, మొదటి ఆసామీ కొన్న రోజు నుంచి లెక్క. ఏళ్ళు, కిలోమీటర్లు, ఏది ముందు నిండితే అక్కడితో సరి. రెండోది కంపెనీయే పాతకార్లను పరీక్ష చేయించి తిరిగి అమ్మే పథకాల కింద ఇచ్చేది. మెర్సిడెస్-బెంజ్ సర్టిఫైడ్, బీఎండబ్ల్యూ ప్రీమియం సెలక్షన్, ఆడీ అప్రూవ్డ్ ప్లస్ అనేవి ఆ బాపతు. మూడోది షాపువాడో, మధ్యవర్తి సంస్థో సొంతంగా ఇచ్చేది. ‘సర్టిఫైడ్’ అన్నమాట మీద ఎవరికీ గుత్తహక్కు లేదు. మూడో రకం వారూ ఆ మాటే వాడతారు, అదే రంగు రిబ్బను కడతారు. 2022 డిసెంబరులో మన మోటారు వాహనాల నిబంధనలు సవరించి, పాతకార్ల డీలర్లు రవాణాశాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలన్నారు. 2023 ఏప్రిల్ నుంచి అది అమలు. మంచిదే. కాని ఆ పత్రం డీలరుకి, కారుకి కాదు.

డాలస్‌లో ఉన్న నా పూర్వవిద్యార్థి ఒకడు చెప్పేడు. అమెరికాలో 1985 నుంచి డీలరు అమ్మే ప్రతి పాతకారు అద్దానికీ ఒక కాగితం అంటించి ఉండాలిట. దానిమీద వారంటీ ఉన్నదీ, లేక ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నదీ గడిలో గుర్తుపెట్టి తీరాలి. ఉంటే ఏ భాగాలకు, ఎన్నాళ్ళు, ఖర్చులో ఎంత వంతు అన్నదీ రాయాలి. ఆపాటి కాగితం మనకూ ఉంటే బావకి నాతో పని లేకపోను.

పుస్తకంలో పన్నెండో పేజీ దగ్గర మేమిద్దరం చాలాసేపు ఆగేం. కారు నీట మునిగినా, ఎలకలు వైర్లు కొరికినా, కల్తీ ఇంధనం పోసినా, సర్వీసు వేళకు చేయించకపోయినా, అధికార వర్క్‌షాపులో కాక బయట విప్పించినా, అద్దెకు తిప్పినా పూచీ లేదుట. జర్మనీలో కూర్చుని రాసినా రావులపాలెం కోసమే రాసినట్టుంది! కొబ్బరితోటలు, వరి కుప్పలు, అరటి కొట్లు ఉన్నచోట ఎలకలకు కరువేమిటి? ఇక గోదావరి మాట. 1986 ఆగస్టు వరద మా పెద్దవాళ్ళకి నిన్నటిలా గుర్తు. 2006 ఆగస్టులోనూ, 2022 జులైలోనూ లంక గ్రామాలు మునిగేయి.

ఈ నష్టాలకు వెళ్ళవలసింది వారంటీ దగ్గరకు కాదు, బీమా దగ్గరకు. అదీ మామూలు పాలసీతో చాలదు. నీళ్ళలో నిలిచిపోయిన కారును స్టార్టు చెయ్యబోతే ఇంజనులోకి నీరు లాక్కుని లోపల భాగాలు వంగిపోతాయి. ‘ఇంజను రక్షణ’ అనే అదనపు కవరు తీసుకోకపోతే బీమావారు కూడా చేతులు దులిపేస్తారు. అంచేత వరదనీట్లో ఆగిన కారు తాళం తిప్పకండి, లాగించుకు వెళ్ళండి. 2015 డిసెంబరులో చెన్నైలోనూ, 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ ఎన్నో కార్లు మునిగేయి. మునిగిన కారును ఆరబెట్టి, తుడిచి, అత్తరు చల్లి ఇంకో ఊళ్ళో అమ్మడం కష్టం కాదు. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, మునిగిన కారైతే ఒండ్రు చార కనిపించవచ్చు. సీటు కింద ఇనప పట్టాల తుప్పు చూడండి. తివాచీ ఎత్తి వాసన చూడండి. గిత్త పళ్ళు చూడడంలాంటిదే ఇదీను. కిలోమీటర్ల మీటరు ఒక్కటీ చూసి మురిసిపోవద్దు, దాన్ని వెనక్కి తిప్పేవారున్నారు. కంపెనీ కంప్యూటర్లో ఉన్న సర్వీసు చరిత్రతో సరిపోవాలి.

ఇంకొన్ని మెలికలున్నాయి. ఒక్కో రిపేరుకు ఇంతకు మించి ఇవ్వమని కొన్ని పుస్తకాల్లో ఉంటుంది. భాగం విప్పకముందే వాళ్ళ అనుమతి తీసుకోవాలని ఇంచుమించు అన్నిట్లోనూ ఉంటుంది. విప్పి చూశాక చెడింది వారంటీ భాగం కాదని తేలితే విప్పిన కూలి మనదే. అయితే ఒక్క ఊరట. తయారీలోనే లోపం ఉందని కంపెనీయే కార్లను వెనక్కి పిలిచిన సందర్భాల్లో మన దగ్గర పైసా పుచ్చుకోరు, వారంటీ దాటినా సరే. జపాను టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల విషయంలో ప్రపంచమంతటా జరిగింది అదే. ఛాసిస్ నంబరు చెప్పి మీ కారుకు అలాంటి పిలుపు మిగిలి ఉందేమో కనుక్కోవచ్చు.

బావతో నేనూ షోరూముకి వెళ్ళేను. కుర్రవాడు మర్యాదస్తుడు. “గేరుబాక్సు, సస్పెన్షను అన్నీ కవరే సార్” అన్నాడు. బావ మార్కెట్టులో ముప్ఫైఏళ్ళు గెలలు చూసినవాడు. “అయితే రాసియ్యి నాయనా” అన్నాడు. కుర్రవాడు లోపలికి వెళ్ళి, ఎవరితోనో మాట్లాడి, గేరుబాక్సుకు రాసిస్తామన్నాడు, గాలితో పనిచేసే సస్పెన్షను మాత్రం పుస్తకంలో లేదన్నాడు. అక్కడ బావ ఆగిపోయేడు. తిరుగుదారిలో నాతో ఒక్కమాటా ఆడలేదు. పది రోజుల తరువాత అదే షోరూములో మామూలు స్ప్రింగులున్న కారు, 24 లక్షలకు తీసుకున్నాడు. కంపెనీ పాత పూచీ ఎనిమిది నెలలు మిగిలి ఉంది, ఆపైన ఒక ఏడాది సర్టిఫైడ్ పూచీ. ఛాసిస్ నంబరు, మొదటి అమ్మకం తేదీ, గడువు తేదీ, పూచీపడే సంస్థ పేరు ఒకే కాగితం మీద రాయించి ముద్ర వేయించుకున్నాడు. బ్యాంకులో ఉన్న పదిలో నాలుగు లక్షలు అక్కడే ఉండిపోయాయి. అత్తయ్య ఆ సంగతి విని పైకి ఏమీ అనలేదు గాని, ఆ రోజు పూర్ణాలు చేసింది.

మే నెలలో తణుకు దగ్గర ఏసీ ఆగిపోయింది. కారును విజయవాడ వర్క్‌షాపుకి తీసుకుపోయేరు. కంప్రెసరూ, కూలీ వారివి. గ్యాసు, ఆయిలు, ఒక ఫిల్టరు మనవి. బిల్లు రూ. 9,400. ఉచితమన్నారు కదా అని బావ మండిపడ్డాడు. నేను పేజీ నంబరు చెప్పేను.

పూచీ కాగితం ఉన్నా ఇవతలివాడు ఒప్పుకోకపోతే? హైదరాబాదులో జరిగిన కేసు ఒకటి ఉంది. అది పాతకారు కాదు, సరికొత్త బీఎండబ్ల్యూ 7 సిరీస్. 2009 సెప్టెంబరు 25న జీవీఆర్ ఇండియా ప్రాజెక్ట్స్ అనే సంస్థ కొంది. నాలుగు రోజులకే లోపం బయటపడింది. నవంబరులో మళ్ళీ అదే తంతు. మోసం జరిగిందని పోలీసు కేసు పెట్టేరు. 2012లో హైకోర్టు ఆ కేసు కొట్టేస్తూనే కొత్తకారు ఇమ్మంది. కంపెనీ ఇస్తానంది, కొన్నవారు కారు వద్దు, వడ్డీతో డబ్బిమ్మన్నారు. చివరకు 2024 జులై 10న సుప్రీంకోర్టు 50 లక్షలు ఇప్పించి తగువు తెంచింది. పదిహేనేళ్ళు! అంత ఓపికా అంత స్తోమతా కమీషన్ కొట్టువాళ్ళకి ఎక్కడివి?

మనలాంటివాళ్ళకి వినియోగదారుల కమిషనే నయం. 2019 చట్టం ప్రకారం కారు కొన్న ఊళ్ళోనే దావా వెయ్యాలని లేదు, మనం ఉంటున్న జిల్లాలో వేసుకోవచ్చు. చెల్లించిన వెల 50 లక్షలు మించకపోతే జిల్లా కమిషన్‌కే వెళ్ళవచ్చు. 20 నుంచి 50 లక్షల మధ్య ఉంటే ఫీజు వెయ్యి రూపాయలు. వకీలు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. తగువు పుట్టిన రెండేళ్ళలోపు వెయ్యాలి. వ్యాపారం కోసం కొన్నవాడు ఈ చట్టం కింద వినియోగదారు కాడు గనక, పన్ను కలిసొస్తుందని కారును కొట్టు పేర కొనబోయిన బావని నేనూ అత్తయ్యా కలిసి ఆపేం. కంపెనీ పేర కొన్నంత మాత్రాన వ్యాపారం అయిపోదని 2024 జులైలోనే ఒక బెంజి కారు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది లెండి. కాని ఆ వాదన అక్కడిదాకా వెళ్ళి గెలవాల్సిన అవసరం మనకెందుకు?

అన్నిటికంటె ముఖ్యం జాబ్‌కార్డు. కారు వర్క్‌షాపులో దింపినప్పుడల్లా మీ ఫిర్యాదు మీ మాటల్లోనే దానిమీద రాయించి నకలు తీసుకోండి. “జనరల్ చెకప్” అని రాసి ఊరుకుంటామంటే ఒప్పుకోవద్దు. గడువు లోపల ఫలానా చప్పుడు వచ్చిందని రుజువు చెయ్యవలసి వస్తే పనికొచ్చేది ఆ కాగితమే. బావ దగ్గర ఇప్పటికి మూడు ఉన్నాయి. అత్తయ్య వాటిని పొలం దస్తావేజులున్న పెట్టెలో పెట్టింది.