చెట్టుకు మన పేరు

వృక్షోద్యానాలలో పర్యావరణ విద్య బోధించడానికి యువతకు ఇంటర్న్‌షిప్పులు ఇవ్వడం హర్షణీయమే. అయితే, ఆ బోధన ఏ పేర్లతో సాగుతున్నదన్నదే నా ప్రశ్న.

విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతి కాకముందు మన సామర్లకోటలో ఉండి మొక్కలను పరిశీలించాడు. 1795 నుండి వెలువడిన ఆయన కోరమాండల్ తీర వృక్ష గ్రంథంలో శాస్త్రనామాలతో పాటు తెలుగు పేర్లూ ఉన్నాయి. మన సోమిద చెట్టు నేటికీ శాస్త్రలోకంలో ‘సోయ్‌మిడా’యే. ఆ పేర్లు ఆయనకు చెప్పినవారు ఈ నేల మనుషులే కదా!

నేడు ఫలకం మీది లాటిన్ పేరును చదివి వినిపిస్తే, పిల్లలు వ్రాసుకొని ఇల్లు చేరేలోగా మరచిపోతారు. అదే చెట్టును అమ్మమ్మ ఏమని పిలుస్తుందో అడిగి రమ్మంటే ఆ పాఠం ఇంటిదాకా నడుస్తుంది.

తెలుగు పేర్లు ఊరికొక తీరుగా మారుతాయన్న ఆక్షేపణ సమంజసమే. అందుకే రెండు పేర్లూ కావాలి.

ఇంటర్న్‌గా చేరినవారు మొదటి వారం తోటమాలి వెంట తిరిగి పేర్లు సేకరించాలి. వెళ్ళేముందు పది చెట్లకైనా తెలుగు ఫలకాలు వ్రాసిపెట్టాలి. పేరే తెలియని చెట్టును రేపెవరో నరికితే అడిగేవారెవరు? విజ్ఞులు ఆలోచించగలరు.